ఎవరి కోసం ఈ రాజీనామా

"రాజీనామా అన్న మాట ఈ ఇంట్ల ఇంకోసారి వినబడొద్దు."

కుమార్ పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. జొన్నరొట్టె సగం అలాగే ఉంది.

ద్వాళి పొయ్యి దగ్గరి నుంచి కదలలేదు. నిన్న సాయంత్రం ఆ మాట ఒక్కసారే అంది. మళ్ళీ అనలేదు. అననక్కరలేకుండానే అది ఇల్లంతా తిరుగుతోంది.

"వినబడుడు గురించి నువ్వు నాకు చెప్పకు," అంది.

కూతురు దీప గదిలో నేలమీద కూర్చొని స్టీలు గ్లాసుల్ని ఒకదానిలో ఒకటి దూర్చుతోంది. వెనకాల గిన్నెలు సర్దుతున్న కుమార్ తల్లి జమ్లీ చేతిలోంచి పెద్ద గంజు జారిపడింది. కుమార్ ఉలిక్కిపడ్డాడు. ద్వాళి ఉలిక్కిపడింది. దీప తల ఎత్తలేదు.

ముగ్గురూ ఆ పిల్లనే చూశారు. ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

దీపకు మూడేళ్ళు నిండబోతున్నాయి. పోయినవారం హనుమకొండలో చెవుల డాక్టర్ పరీక్షలన్నీ చేసి, చెప్పవలసింది మెల్లగా చెప్పాడు. రెండు చెవులకూ వినికిడి లేదు. మిషన్లు పెట్టాలి. మిషన్లు పెట్టినంత మాత్రాన మాట రాదు. పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చొని, పెదవులు చూపించి, మాట మాటా నేర్పాలి. ఒక్క భాషే నేర్పాలి. ఏళ్ళు పడుతుంది. ఇప్పటికే ఆలస్యమైంది.

"మీరే డాక్టరయి ఉండి..." అని మొదలుపెట్టి, ఆయన ఆ మాటను అక్కడే ఆపేశాడు. ద్వాళికి మాత్రం అది ఇంకా ఆగలేదు.

"మనిషిని పెడుదాం," అన్నాడు కుమార్. "పొద్దున అచ్చి మాపటికి పొయ్యే మనిషిని."

"ఏమని పెడ్తవు? అన్నం తినిపిచ్చుడు కాదు గది. మాట నేర్పుడు."

"సెలవు పెట్టు మరి. జర తెరిపి అయినంక మళ్ళ జాయిన్ కావొచ్చు."

"నాల్గేండ్లో అయిదేండ్లో పడుతదన్నడు. అంత సెలవు ఎవలిస్తరు?"

"నువ్వు బిడ్డ కోసం చేస్తలేవు ద్వాళీ. నీకు నువ్వు శిక్ష ఏసుకుంటున్నవు."

"ఏసుకుంటె ఏసుకుంటున్న. దానికి నాలుగు మాటలస్తె సాలు."

జమ్లీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ ఇంట్లో మాటలు తెలుగులో కొన్ని, లంబాడీలో కొన్ని కలిసి నడుస్తాయి. జమ్లీవి మాత్రం అన్నీ లంబాడీలోనే. భూపాలపల్లికి వచ్చి ఇన్నేళ్ళయినా కూరగాయల బేరానికి మించి ఆమెకు తెలుగు రాలేదు.

"నేను సచ్చిన్నా?" అంది. "పుట్టినప్పటిసంది నేనే సాదుతున్న. కూసుండి మాట నేర్పలేనా?"

ద్వాళి పొయ్యి ఆర్పి అత్త వైపు తిరిగింది.

"ఒక్క భాషనే నేర్పాలన్నడు అత్తమ్మా. బడిల పనికొచ్చేది. తెలుగు."

"మరి మన మాట?"

"రాదు."

"నేను పిలిస్తె?"

జమ్లీ వెళ్ళి దీప పక్కన కూర్చుంది. పిల్ల నానమ్మ ముఖం చూసి నవ్వి, ఒక గ్లాసు ఆమె చేతిలో పెట్టింది.

అప్పుడే గేటు చప్పుడయింది.

వచ్చినవాడు జాల్యా, ద్వాళి తండ్రి. కొడకండ్ల దగ్గరి తండా నుంచి రాత్రే బయలుదేరి వచ్చాడు. తెలంగాణ కోసం నడుస్తున్న సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. కొంతదూరం ట్రాలీ ఆటోలో, కొంతదూరం ఎవరిదో బండి వెనక కూర్చొని, మిగిలింది నడిచి వచ్చాడు. ధోవతి మోకాళ్ళ దాకా దుమ్ము.

"బాపూ!" అంది ద్వాళి. "గిట్ల ఎందుకచ్చినవు?"

"నేనే ఫోన్ చేసిన," అన్నాడు కుమార్. "నా మాట ఎట్లాగూ వినవు. నీ బాపు మాటన్న వింటవేమో చూద్దాం."

జాల్యా మంచినీళ్ళు తాగాడు. మనవరాలిని ఎత్తుకుని తల నిమిరాడు. పిల్లకు వినపడదని అల్లుడు ఫోన్లో చెప్పాడు. అయినా ఆ చెవి దగ్గర నోరుపెట్టి, "దీపా, తాతనే బిడ్డా," అన్నాడు. చక్కిలిగింత అయి పిల్ల నవ్వింది. ఆయనకు ఆ నవ్వు చాలింది.

"ఇంటున్నది గద," అన్నాడు ఆశగా.

"ఇంటలేదు బాపు. నీ మీసం గుచ్చుకున్నది."

జాల్యా మెల్లగా పిల్లను దించాడు.

"బిడ్డా, మన తండాల నన్నేమని పిలుస్తరో ఎరికేనా?" అన్నాడు. "డాక్టర్ జాల్యా అంటరు. జరమొచ్చినా, పోరగానికి ఇరేచనాలయినా నా తానికే అస్తరు. నేను నీకు ఫోన్ కొడ్త. నువ్వు గోలీ పేరు చెప్తవు. అది నేను నోట్లె అనుకుంట అనుకుంట కొడకండ్ల దుక్నం దాక పోత. నాకు సదువు రాదు గద, మర్శిపోతనని దారిల ఎవలతోని మాట్లాడ."

"నాకెరికే బాపు."

"బొంబాయిల ఇసుక మోసిన. నీ యాడి మిర్పకాయ ఏరపోయింది. నువ్వు డాక్టర్ కావాలని మేం మొక్కలే. నువ్వే అయితనన్నవు. అయినవు. గిప్పుడు మాకు జెర్రంత ముఖం లేసింది. దాన్ని దించకు."

ద్వాళి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"బాపూ, నేను ఎంతమంది పిల్లల చెవుల్ల టార్చి పెట్టి చూసిన్నో లెక్క లేదు. పొద్దుగాల పోయి మాపటికి అచ్చేదాన్ని. నేనచ్చేసరికి అది వాకిట్ల నిలబడి నన్నే చూసేది. నన్ను చూసి ఉరికొచ్చేది. అడుగుల సప్పుడు ఇని ఉరికొస్తుందనుకున్న. గంతే చూసిన. ఎన్కకెళ్ళి ఒక్కసారి పిలిచి చూడలే. ఒక్కసారి చూస్తె తెలుస్తుండె. నిరుడే తెలుస్తుండె."

ఆమె అత్త వైపు తిరిగింది.

"నువ్వన్న చూడలేదా అత్తమ్మా? రోజంత నీతోనే ఉండె గద. ఇన్ని దినాల్ల ఒక్కపాలి అనుమానం రాలేదా నీకు?"

జమ్లీ చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"యాడీ," అన్నాడు కుమార్ తల్లితో. పిలుపులా లేదు, హెచ్చరికలా ఉంది.

"నన్నంటున్నది గదరా!" అంది జమ్లీ. "పిల్లను సాదినదాన్ని, నన్నంటున్నది! చూసిన కోడలా. నిరుడు తీజ్ పండుగనాడే చూసిన. టేకుమట్ల తండాల మంచం పక్కపొంటే నగారా కొట్టిండ్రు. పండుకున్న పిల్లలంత లేసి ఏడ్సిండ్రు. ఇది లెవ్వలే. తెల్లారే కొడుకుకు చెప్పిన. అది ద్వాళి చెవులెయ్యకు యాడీ, నేను చూస్తనన్నడు."

ద్వాళి మొగుడి వైపు చూసింది. కుమార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నీకు ఎరికేనా?"

"ఎరికె అంటే... పిల్లలు కొందరు ఆలస్యంగ మాట్లాడుతరని మందుల దుక్నపాయన అన్నడు."

"నీకు ఎరికేనా అని అడిగిన."

అతను కిటికీ వైపు నుంచి తిరగకుండానే చెప్పాడు.

"దీపావళినాడు దాని ఎనక పటాకి పేల్చిన. తిరగలే."

"నిరుడు దీపావళా?"

"నువ్వప్పుడే కొత్తగ జాయినయినవు. పోస్టింగ్ కోసం ఎంత తిరిగినమో నీకు తెల్వదా? చెప్తె నువ్వు గిదే చేస్తవు. గిప్పుడు చేస్తున్నదే అప్పుడు చేస్తుంటివి. ఇంకో ఆర్నెల్లు చూద్దామనుకున్న. తర్వాత ఉద్యమం, మీటింగులు, సమ్మె..."

"దాని చెవుల కన్న నా నౌకరి పెద్దదనుకున్నవు."

"మన బతుకు పెద్దదనుకున్న!" కుమార్ అరిచాడు. "మా బాపు పశువుల కాసిండు. నేను బొగ్గుబాయిల దిగి ఓవర్‌మెన్ అయిన. నా పెండ్లాం డాక్టర్. సంఘం ఆఫీసుల నేను కూసుంటె దొరల పిల్లలు గూడ కుర్చీ జరుపుతున్నరు. అది ఊరికే అచ్చిందా?"

ద్వాళి లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. రాత్రే రాసి పెట్టుకున్న కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. గడప దగ్గర తండ్రి అడ్డంగా కూర్చొని ఉన్నాడు. ఆమె నిలబడింది. ఆయన కొంచెం జరిగాడు. దారి ఇచ్చాడో, కాళ్ళు నొప్పిపుట్టి జరిగాడో ఆమెకు తెలియలేదు.

ద్వాళి పనిచేసే సర్కారు దవాఖానలో సమ్మె వల్ల ఓపీ లేదు. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళనే చూస్తున్నారు. సూపరింటెండెంట్ రవీందర్ చొక్కాకు నల్ల రిబ్బను గుచ్చుకుని తన గదిలో ఒక్కడే కూర్చొని ఉన్నాడు. నర్మెట్ట దగ్గర భూములున్న కుటుంబం ఆయనది. ద్వాళి చేరిన రోజు నుంచీ ఆమెను గౌరవంగానే చూశాడు.

కాగితం చదివి బల్ల మీద పెట్టాడు.

"ఇయ్యాల ఈ రాష్ట్రంల ఎవలి రాజీనామా ఎవలు తీసుకుంటున్నరు మేడం? ఎమ్మెల్యేలయే వాపస్ అచ్చినయి."

"తీసుకున్నా తీసుకోకున్నా రేపటి నుంచి రాను సార్."

"ఉద్యమం కోసమా?"

"కాదు సార్. ఇంటి కారణం."

ఆయన ఇంకేదో అడగబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. "మీ జాగల ఇంకో ఆడ డాక్టర్ రావాలంటె ఎన్నాళ్ళు పడుతదో మీకు తెలుసు," అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

వరండాలో గోడకానుకుని చంద్రి కూర్చొని ఉంది. ఊరవతలి తండా పిల్ల, తొలిచూలు, నెలలు నిండాయి. ద్వాళిని చూడగానే లేవబోయి లేవలేక, లంబాడీలో అందుకుంది.

"అక్కా, పొద్దటిసంది నీకోసమే చూస్తున్న. ఇంకో సిస్టరమ్మ చూస్తనన్నది. వద్దన్న. నేను చెప్పేది ఆమెకు తెల్వది, ఆమె అరిసేది నాకు తెల్వది."

ద్వాళి ఆమెను లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టింది. కడుపు మీద రెండు చేతులు వేసి చూసింది. మళ్ళీ చూసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది.

"చంద్రీ, ఇంట్ల చెప్పు. నొప్పులు రాకముందే వరంగల్ పెద్ద దవాఖానకు పోవాలె. ఆపరేషన్ అయితది."

"బస్సులు లేవు గదక్కా."

"సర్కారు అంబులెన్స్ మాట్లాడిపిస్త."

"ఎందుకక్కా? మా ఆడిబిడ్డకు నువ్వే చేసినవు గద ఆపరేషన్. నువ్వుంటవు గద."

"నేనుండ చంద్రీ. రేపటిసంది రాను."

చంద్రి నవ్వింది. ద్వాళి పరాచికమాడుతోందనుకుంది. ఆమె నవ్వకపోవడం చూసి, నవ్వు ఆపేసి, ఏదో తప్పు చేసినదానిలా కొంగు సర్దుకుంది.

ద్వాళి అంబులెన్స్ డ్రైవర్‌తో మాట్లాడింది. నర్సుకు రెండుసార్లు చెప్పింది. చంద్రి మొగుడికి ఫోన్ చేయించింది. చేయగలిగిందంతా చేసి గేటు దాటింది. చేయగలిగింది ఇంకా ఉందని, అది వదిలేసి పోతున్నానని, రోడ్డు మీద నడుస్తున్నంతసేపూ ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఇంటి సందు మొదట్లోనే జనం కనిపించారు.

బాయి దోస్తులు, యూనియన్ వాళ్ళు, దీక్షా శిబిరంలో రోజూ కూర్చునే ఆడవాళ్ళు. గులాబీ కండువాలు. సందంతా నినాదాలు. ద్వాళికి మొదట భయమేసింది, దీపకు ఏమైనా అయిందేమోనని. జనం ఆమెను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. కొందరు చేతులెత్తి మొక్కారు.

"అగో, అచ్చింది! డాక్టరమ్మ అచ్చింది!"

కుమార్ నేస్తం మంగీలాల్ బంతిపూల దండ పట్టుకుని ముందుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"వదినా, శిబిరంల అన్న మైకుల చెప్పంగనే జనం లేసి నిలబడ్డరు. పెద్ద పెద్దోళ్ళ రాజీనామాలన్నీ ఉత్తయే అయినయి. మా లంబాడి ఆడిబిడ్డ తెలంగాణ కోసం డాక్టర్ నౌకరి ఇడిసిపెట్టింది! గింతకన్న ఏం కావాలె?"

ద్వాళి మొగుడి కోసం చూసింది. కుమార్ అరుగు మీద ఉన్నాడు. దవాఖాన నుంచి ఆమెకంటే ముందే వార్త శిబిరానికి చేరి ఉంటుంది. ఎందుకు మానేసిందని నలుగురూ అడిగి ఉంటారు. అడిగినప్పుడు అతని చేతిలో మైకు ఉంది.

అతని కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి.

అరుగు పక్కన జాల్యా నిలబడి ఉన్నాడు. ఎవరో ఆయన మెడలోనూ కండువా వేశారు. పొద్దున దిగిపోయిన ముఖం మళ్ళీ లేచింది. దీప జమ్లీ చంకలో ఉండి జనం నోళ్ళు తెరుచుకోవడం, మూసుకోవడం వింతగా చూస్తోంది.

ద్వాళి వెళ్ళి పిల్లను తీసుకుంది.

"నేను తెలంగాణ కోసం రాజీనామా చెయ్యలే," అంది.

దగ్గరున్నవాళ్ళు నినాదం ఆపారు. వెనకవాళ్ళు ఆపలేదు. ఆమె గొంతు పెంచింది.

"తెలంగాణ రావాలె. నాకు గూడ రావాలె. గని నౌకరి ఇడిసింది దానికోసం కాదు. నా బిడ్డకు చెవులు వినబడయి. మాట నేర్పేటందుకు ఇడిసిన. గిదీ ముచ్చట."

ఈసారి వెనకవాళ్ళు కూడా నినాదం ఆపారు. మంగీలాల్ చేతిలోని దండ కిందికి వేలాడింది. అతను కుమార్ వైపు చూశాడు.

"అన్నా, నిజమా?"

కుమార్ మెట్టు దిగాడు. భార్య భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్ళు గట్టిగా నొక్కుకున్నాయి.

"డ్యూటీల మీద డ్యూటీలు చేసి జర పరేషాన్ల ఉన్నది. పిల్లకు చెవిల చీము గారింది, గంతే. తక్కువైతది. ఏం లేదు తమ్మీ."

"అబద్ధం," అంది ద్వాళి.

జనం ఎవరిని నమ్మాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మంగీలాల్ లంబాడీలో జమ్లీని అడిగాడు. "యాడీ, నువ్వు చెప్పు. పిల్లను సాదేది నువ్వు. నీ మనవరాలికి వినబడుతదా, వినబడదా?"

జమ్లీ కొడుకు ముఖం చూసింది. కోడలి ముఖం చూసింది. పొద్దున దీప పక్కన అంత ధైర్యంగా నిజం చెప్పిన మనిషి, ఇప్పుడు చీర కొంగును రెండు చేతులతో నలుపుతూ నిలబడింది.

"వినబడుతది," అంది.

ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. మళ్ళీ నినాదం లేచింది. ఈసారి మరింత గట్టిగా. మంగీలాల్ దండను ద్వాళి మెడలో వేశాడు. ఆమె ఆపలేదు. ఆమె కళ్ళు జమ్లీ మీదే ఉన్నాయి. జమ్లీ మాత్రం ఆమె వైపు చూడలేదు.

ద్వాళి లోపలికి వెళ్ళింది. దండ తీసి మంచం మీద పెట్టింది. పిల్లను దించి, అల్మారా తెరిచి చిన్న బట్టలన్నీ సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. జాల్యా ఆమె వెనకే వచ్చి, గడప పక్కనే చతికిలబడ్డాడు. కండువా ఇంకా మెడలోనే ఉంది.

"తప్పు చేసిండు," అన్నాడు. "అల్లుడు తప్పు చేసిండు బిడ్డా. గని గందరి ముంగట మొగని పరువు తీస్తె..."

"నా బిడ్డను లేదన్నడు బాపు. దానికి ఉన్న బాధను లేదన్నడు. గిట్ల దాసిపెట్టుకుంటనే ఒక యేడు పోయింది. ఇంకెన్నేండ్లు దాస్తరు?"

కుమార్ లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. బయట జనం ఇంకా ఉన్నారు.

"ఎక్కడికి?"

"హనుమకొండకు. చెవుల డాక్టర్ దగ్గరిట్ల ఒక అర్ర తీసుకుంట. అక్కడనే ఉంట దీంతోని."

"పో," అన్నాడు కుమార్. గొంతు తగ్గించే అన్నాడు. "నువ్వు పో. నీ ఇష్టం. బిడ్డ మాత్రం ఈ ఇల్లు ఇడిసి ఎక్కడికీ పోదు."

"మాట నేర్పేది నేను. నేనొక్కదాన్ని పోయి గోడలకు నేర్పాల్నా?"

"అది నా బిడ్డ. రేపు శిబిరానికి ఎత్తుకపోత. ఎట్లున్నదో అందరు చూస్తరు."

అతను వంగి దీప చెయ్యి పట్టుకున్నాడు. ద్వాళి రెండో చెయ్యి పట్టుకుంది. మధ్యలో పిల్ల ఒకరి పెదవులు చూసి, ఇంకొకరి పెదవులు చూసి, ఏమీ తెలియక ఏడుపు అందుకుంది.

జాల్యా మోకాళ్ళ మీద చేతులూని లేచి నిలబడ్డాడు. మెడలోని కండువా తీసి పక్కన పెట్టాడు. రెండడుగులు ముందుకు వచ్చి మనవరాలిని నడుము పట్టుకుని ఎత్తుకున్నాడు. ఇద్దరూ చేతులు వదిలేశారు.

పిల్లను భుజాన వేసుకుని ఆయన తలుపు వైపు చూశాడు. ఆయన ఎవరి పక్షాన లేచాడో కూతురికీ తెలియలేదు, అల్లుడికీ తెలియలేదు.